డ్రమ్ములతో చరిత్ర చెప్పిన సారు

మా సోషల్ సారు పోయారని ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. చెప్పగానే మా నాన్న వల కుడుతున్న చెయ్యి ఆపేశాడు. చాలా ఏళ్ల కిందట సారు భుజం విరగ్గొట్టింది ఆయనే. ఇంతకాలంలో ఒక్కసారైనా వెళ్లి క్షమించమని అడగలేదు. ఆ సంగతిలో నాన్నంటే నాకు ఇప్పటికీ మంటే.

సారుది బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి పండించే కుటుంబం. మా హైస్కూల్లో సోషలూ ఆయనే, బ్యాండూ ఆయనే. యుద్ధాల పాఠమొస్తే పుస్తకాలు మూయించేవారు. నా మెడలో సైడ్ డ్రమ్ము వేసి, క్లాసంతటినీ బెంచీల మధ్య కవాతు చేయించేవారు. ఆయన బ్యూగిల్ ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. దరువు పెంచమనేవారు, నేల అదిరేది. ఉన్నట్టుండి ఆపించి, "ఇప్పుడు ఎవుర్నైనా కొట్టాలనిపిస్తా ఉందా?" అని అడిగేవారు. నిజంగానే అనిపించేది. "అదీ సంగతి. కాళ్లు కలిసినాయంటే బుర్రలు ఆగిపోతాయి. రాజులందరికీ తెలుసిది" అని నవ్వేవారు.

ఒక సాయంత్రం ఆ పాఠాన్ని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లారు. మా జాలరి కుప్పాల్లో ఇసుక మీద డప్పు మోగిందంటే, మగవాళ్లంతా కర్రలతో రావాలని అర్థం. పైర్ల మధ్య పుట్టిన మనిషికి అదెలా తెలుస్తుంది? పైగా వలలు కోశారన్న గొడవలో, ఆ వారమే మా కుప్పానికీ పక్క కుప్పానికీ తలలు పగిలి ఉన్నాయి.

మా డ్రమ్ముల మోత వినగానే మావాళ్లు తెడ్లతో, కత్తులతో ఉరికొచ్చారు. అటునుంచి పక్క కుప్పంవాళ్లూ వచ్చారు. రాళ్లు లేచాయి. ఒకాయన చెవి తెగి వేలాడింది. మా బ్యాండులోని పక్క కుప్పం పిల్లల మీదికి మా నాన్న తెడ్డెత్తాడు. "పిల్లోళ్లబ్బా, కొట్టబాకండి!" అంటూ సారు అడ్డమొచ్చారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆయన కూలిపోయాకే అందరి చేతులూ ఆగాయి.

పోలీసులడిగితే సారు, "గుంపులో ఎవురు కొట్టినారో కనపళ్లేదు" అన్నారట. ఎందుకు కనపడలేదు? దెబ్బ పడ్డప్పుడు ఆయన ముఖం నాన్న వైపే ఉంది. కుడిచెయ్యి మెడకు వేలాడేసుకుని బడికొచ్చారు. ఎడమ చేత్తో బోర్డు మీద వంకరటింకరగా రాస్తూ, "మీ నాయినల్ని తిట్టుకోబాకండి. జీతం లేని సిపాయిలు వాళ్లు" అన్నారు. బ్యాండులో రెండు కుప్పాల పిల్లలనూ మళ్లీ పక్కపక్కనే నిలబెట్టారు. అంత గుండె మా ఊళ్లో ఇంకెవరికీ లేదు.

ఆదివారం నాన్న నాతో వచ్చాడు. వాకిట్లో కూర్చున్న సారు భార్య ముందు నిలబడి, "అమ్మా, ఆ పొద్దు కొట్టింది నేనే" అన్నాడు. ఆమె అర్థం కానట్టు చూసింది. కొట్టినవాడి పేరు సారు ఆమెకూ చెప్పలేదు. తర్వాత లేచి నాన్న చెంప పగలగొట్టింది. రెండు చేతులతో రొమ్ము మీద గుద్దింది. "ఆ నొప్పికి ఆయన ఒక్క రాత్రన్నా సరిగ్గా పండుకోలా!" అంటూ గుద్దుతూనే ఉంది. నేను అడ్డం వెళ్లబోతే నాన్న కళ్లతోనే వద్దన్నాడు. చెయ్యెత్తలేదు, వెనక్కి జరగలేదు.

చివరికి ఆమె చేతులు సొలసిపోయాయి. ఆయాసపడుతూ పాడె వైపు చూపించింది.

"పట్టుకో. ఆయన కుడిభుజం పక్కన నువ్వే పట్టుకో."

నాన్న తువ్వాలు తలకు చుట్టుకుని వంగాడు.