ఎంగిలి మోటారు

ఆలూరు దగ్గరి మా ఊరి భజన మందిరంలో శనివారం సాయంత్రం భజన ఊయల సేవతో ముగుస్తుంది. మా భజన గురువుగారు తన చిన్నతనంలో అహోబిలం నుంచి తెచ్చుకున్న నరసింహస్వామి విగ్రహం అరచేతిలో ఇముడుతుంది. ఆ పంచలోహ మూర్తిని ఇత్తడి గొలుసుల చెక్క ఊయలలో పడుకోబెట్టి, తాడు లాగుతూ లాలి పాడుతారు. పొద్దంతా ఉగ్రంగా ఉండే స్వామి సాయంత్రానికి పసిబిడ్డ అవుతాడని మా నమ్మకం.

మా మందిరంలో ఒక కట్టుబాటు ఉంది. లాలి పాడే గొంతు, తాడు లాగే చెయ్యి ఒకరివే కావాలి. ఊపు పాటలోంచి రావాలి గానీ పాట ఊపు వెంట పరుగెత్తకూడదని గురువుగారు చెప్పేవారు. నాకు అక్షరాలు రాకముందే కీర్తనలు నేర్పిన మనిషి ఆయన. వేరుశనగ పండించుకునే రైతు. పురాణం చెప్పడం మొదలుపెడితే పొలం నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచి కూర్చునేవారు.

పోయిన ఏడాది ఆయన కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయింది. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ఎడమచేత్తో తాడు లాగమని భజనలో అందరూ బతిమాలారు.

"ఎడమచేత్తో నీకు అన్నం పెడితే తింటావా?" అన్నారాయన. "సామికి మాత్రం ఎట్ల చేసేది?"

వేరేవాళ్ళు లాగుతామంటే కట్టుబాటు అడ్డం వచ్చింది. ఊయలను గూటిలో పెట్టేశారు. శనివారాల్లో మంగళహారతి అయిపోగానే ఆయన తల వంచుకుని లేచిపోయేవారు. ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి అంది: "లాలి పాడని రోజు ఆయప్ప నిద్రపోడు నాయనా. గోడకల్లా తిరిగి పండుకుంటాడు."

నేను కర్నూలులో ఒక బడిలో సైన్సు చెబుతాను. పిల్లలతో చిన్న చిన్న రోబోలు చేయించడం కూడా నా పనే. గురువుగారి కుడి బొటనవేలు ఇంకా కొంచెం కదులుతోందని గమనించాను. ఆ వేలి కింద ఒక మీట పెట్టి, అది నొక్కితే చిన్న మోటారు తాడును లాగి వదులుతూ ఉండేలా చేస్తే, సేవ కుడిచేతి సేవగానే మిగులుతుంది కదా అనిపించింది. ఆయనతో చెబితే బొటనవేలిని ఒకసారి కదిపి చూసుకున్నారు. తర్వాత "కట్టెపుల్ల పట్టుకోని నడిస్తే నడిచేది కట్టె గాదు గదా. చెయ్యప్పా" అన్నారు.

దీనికి సర్వో మోటారు కావాలి. మామూలు మోటారు కరెంటు ఉన్నంతసేపూ గిరగిరా తిరుగుతుంది. సర్వో చెప్పినంత మేరే తిరిగి, చెప్పినచోట ఆగి, మళ్ళీ వెనక్కు వస్తుంది. ఊయలకు కావలసింది అదే. రెండు వేళ్ళ మధ్య పట్టుకోగలిగే చిన్న రకం చాలు. బరువు మోసేది గొలుసులు, మోటారు తాడును కొంచెం లాగి వదిలితే సరిపోతుంది. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రాలు ఉన్నవి తొందరగా అరుగుతాయని లోహపు చక్రాలవి తెప్పించాను.

ఈ చిన్న మోటార్లతో వేగిన అనుభవం నాకు బాగా ఉంది. ఒకే పొట్లంలో వచ్చినవి కూడా ఒక్క తీరుగా ఉండవు. ఒకటి ఊరికే వణుకుతుంది. ఒకటి మధ్యకు రమ్మంటే పక్కన ఆగుతుంది. ఇంకొకటి ఉదయమంతా బుద్ధిగా తిరిగి మధ్యాహ్నానికి వేడెక్కి మొరాయిస్తుంది. పైన అచ్చువేసిన బలం లెక్కలను నమ్మి కొంటే చివరికి తలపట్టుకోవలసిందే. వాటిని తెలుసుకునే దారి ఒకటే. మోయవలసిన బరువు కట్టి, రోజంతా తిప్పి, మధ్యమధ్య చేత్తో తాకి వేడి చూడాలి, చెవి ఆనించి చప్పుడు వినాలి. అట్లా చూసి ఒకదాన్ని ఎంచుకున్నాను. ఊయల అంత బరువున్న రాయిని కట్టి వారమంతా బడిలో ఊపించాను. వేడెక్కలేదు, వణకలేదు. గురువుగారి లాలిని ఫోనులో రికార్డు చేసుకుని, ఆ తాళానికే దాని ఊపు సరిచేశాను.

శనివారం మందిరానికి తీసుకుపోయాను. హార్మోనియం వాయించే పెద్దాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమప్పా, పేడపురుగంత ఉండాది. ఇది సామిని ఊపుతాదా?"

"బరువంతా గొలుసులు మోస్తాయి. ఇది తాడు లాగితే చాలు."

"మా ఇంటాయన గూడా ఇన్నేండ్లూ అంతే" అంది గురువుగారి భార్య. "మోసేది గొలుసులు, పేరు ఆయప్పది."

అందరితో పాటు గురువుగారూ నవ్వారు. ఎన్నో నెలల తర్వాత ఆ నవ్వు చూశాను. నవ్వుతూనే అడిగారు: "నడిమద్దెలో నిలిచిపోతే?"

"నిలవదు గురువుగారూ. వారమంతా రాయి కట్టి ఊపించినా."

నవ్వు ఆగిపోయింది. "రాయికి ఊపినావా? దీంతోనే?"

"అవును."

"అయితే ఇది ఎంగిలి గదప్పా."

ఆయనకు కోపం లేదు, బాధే ఉంది. "సామికి ఇచ్చేది మనం ముందు వాడుకుంటామా? టెంకాయ నీళ్ళు తీపో కాదో అని ఇంట్లో కొట్టి చూసి గుడికి తెస్తామా?"

"కొత్త అల్లున్ని గూడా ఒకతూరి వేరే ఇంట్లో పెట్టి చూసుకుంటే బాగుండు" అని హార్మోనియం పెద్దాయన గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

నా సంచిలో అదే పొట్లంలోని ఇంకొక మోటారు ఉంది, కవరు చింపనిది. "ఇంగేం, అది పెట్టప్పా" అన్నారు గురువుగారు. పాతదాన్ని పక్కన పెట్టి కొత్తదాన్ని ఊయలకు బిగించాను. ఒక్కసారి తిప్పి చూద్దామని చెయ్యి పెట్టబోతే ఆపారు. "వద్దు. మొదటి ఊపు సామిదే."

ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. ఆ పొద్దు అది భక్తే అనుకున్నాను.

దీపాలు వెలిగించాం. ఆయన బొటనవేలు మీటను నొక్కింది. ఊయల కదిలింది. మొదటి చరణం, రెండో చరణం సాగాయి. పాటా ఊపూ కలిసి సాగుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నారు. కళ్ళ చివర్లు తడిగా ఉన్నాయి. ఆయన భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడో చరణంలో మోటారు గరగరమంది. వెనక్కు రావలసింది రాకుండా ఒక పక్కకే పూర్తిగా లాగి పట్టుకుంది. ఊయల ఒరిగిపోయింది. అగరువత్తుల పొగలో కాలిన వాసన కలిసింది. మెత్తమీద నుంచి స్వామి జారాడు.

నేను తీగ లాగేలోపే గురువుగారు ముందుకు వంగి స్వామిని పట్టుకున్నారు, ఎడమచేత్తో.

ఆయన ఆ చేతిలోని మూర్తినే చూస్తూ ఉండిపోయారు. చివరికి "సామి వద్దన్నాడప్పా" అని, విగ్రహాన్ని భార్య చేతికిచ్చి లేచారు. నేను మోటారు లోపం గురించి ఏదో చెప్పబోయాను. ఆయన వినలేదు. ఊయల మళ్ళీ గూటిలోకి పోయింది.

ఆ తర్వాత కర్నూలులో ఒకరోజు, బడికి పోయే బస్సులో, ఎవరో బుట్టలో రేగుపండ్లు పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ఆ వాసనకు గురువుగారి గొంతు గుర్తుకొచ్చింది. అడవిలో ముసలమ్మ ఒక్కొక్క పండూ కొరికి చూసి, పులుపైతే పారేసి, తీపివే స్వామికి పెట్టిన కథ. ఆ కథ మాకు ఆయనే చెప్పారు, ఆ మందిరంలోనే, ఎన్నోసార్లు. "అది ఎంగిలి గాదు నాయనా, స్వామి నోటికి పులుపు తగలగూడదనే తల్లి భయం" అని చెప్పి ఏడ్చేవారు. నేను మోటారుకు చేసింది కూడా అదే. రాయి కట్టి చూసింది స్వామి జారకూడదనే. ఆ శనివారం ఆ కథ ఆయనకూ గుర్తుకు రాలేదు, నాకూ రాలేదు. ఆయన దగ్గరే నేర్చుకున్న మాటను ఆయన ముందు పెట్టివుంటే వినేవారు. పురాణం మాట వినని మనిషి కాదు.

ఊరికి పోయి చెబుదామని, ఎప్పుడు సెలవు దొరుకుతుందా అని చూస్తుండగానే వేరుశనగ పెరికే రోజులొచ్చాయి. ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి మాట పోయింది.

రాయి కట్టి ఊపి చూసిన మోటారును తీసుకుని పోయాను. అరుగుమీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. రేగుపండ్ల కథ మొదలుపెట్టాను. ఆయన చెప్పినట్టే, ఆయన ఆగినచోటే ఆగుతూ చెప్పాను. వింటూ వింటూ నా ఒళ్ళోని మోటారు వైపు చూశారు. ఏదో అనడానికి నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఎడమచెయ్యి ఎత్తి మందిరం వైపు చూపించారు.

"కట్టమంటాండాడు" అంది ఆయన భార్య. "పో నాయనా, కట్టు."

కట్టాను. అది ఇప్పటికీ ఒక్కసారి కూడా తడబడలేదు. శనివారాల్లో ఆయన్ను కుర్చీతో సహా మోసుకొచ్చి ఊయల పక్కన కూర్చోబెడతారు. మీట బొటనవేలి కింద ఉంచుతారు, ఆయనే నొక్కుతారు. లాలి మాత్రం మిగతావాళ్ళు పాడుతారు; ఆయనే కట్టమని చూపించాక కట్టుబాటు మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ పాట కొంచెం వడి. ఊయల ఇటు రాకముందే చరణం అయిపోతుంది.

"సారూ, దాన్ని రవంత తొందరగా ఊగేతట్ల పెట్టరాదా?" అని హార్మోనియం పెద్దాయన మొదటి శనివారమే అడిగాడు.

"అది గురువుగారి తాళం" అన్నాను.

పెద్దాయన హార్మోనియం తిత్తి మీద చెయ్యి నెమ్మది చేశాడు. వెనక ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే నెమ్మదించారు. గురువుగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. మూడో చరణం వచ్చేసరికి ఆయన ఎడమచెయ్యి ఊయల అంచు కిందికి వచ్చి, తాకకుండా అక్కడే ఆగింది. ప్రతి శనివారం ఆ చరణం దగ్గర ఆ చెయ్యి అట్లాగే వచ్చి ఆగుతుంది, పాట అయిపోయేదాకా.