వన్ మోర్ లేదన్న మనిషి

మా ప్రొడక్షన్ మేనేజర్ చనిపోయారని పోయిన నెల ఒక పొద్దున ఫోన్ వచ్చింది. గుండెపోటు. చెప్పింది ఆయన కూతురు. "ముందు దినం నీతోనే మాట్లాడినాడు గదన్నా. సినిమా సంగతేనా?" అంది. సినిమా సంగతే. మూడేళ్లుగా ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నేను సరైన జవాబు చెప్పలేకపోయిందీ దానికే.

కరువు మీద నేను రాసిన వార్తలు చదివి ఒక దర్శకుడు కంబదూరు దగ్గరి పల్లెలో చిన్న సినిమా మొదలుపెట్టాడు. మొత్తం పదకొండు మందిమి. మాటలు సరిచూడడానికి నన్ను పిలిచారు. సెట్ భాష నాకు ఒక్క ముక్క తెలియదు. తాడిపత్రిలో బండలు మోసి, తర్వాత షూటింగుల్లోకి వచ్చిన మేనేజర్ మొదటిరోజే పాఠం పెట్టారు.

"ఎన్జీ అంటే షాట్ చెడిపోయె. వన్ మోర్ అంటే మళ్లా తీయల్ల. ఫీల్డ్ అంటే కెమెరాకు ఆనే జాగా. ఫీల్డ్ క్లియర్ అని నేనరిస్తే ఎమ్మెల్యే అయినా పక్కకు జరగల్ల. తెలిసెనా రిపోర్టరప్పా?"

నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆయనకొక అలవాటు ఉండేది. సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలన్నీ ఏరి, పేర్లు రాసి, ఎవరిది వారికే మళ్లీ ఇచ్చేవారు. హీరోకైనా అంతే.

చివరి షాట్ వర్షం. ఎండిన చేలో రైతు ముఖం మీద వాన పడాలి. ట్యాంకర్ తెప్పించారు. ఊరి ఆడవాళ్లు బిందెలతో వచ్చి నిలబడ్డారు. "తాగేకి ల్యాక మేం సస్తాంటే, మీరు నేలపాలు చేస్తారా?" అని ఒక అవ్వ నిలదీసింది.

"నేల మింద పడనీయం లేవ్వా," అన్నారు మేనేజర్. నడుము పై భాగమే షాట్ కాబట్టి నటుడి కాళ్ల కింద తెల్ల టార్పాలిన్ పట్ట పరిచి, నీళ్లు పారిపోకుండా అంచుల కింద రాళ్లు పెట్టారు. పడిన నీళ్లు పశువులకు. ట్యాంకర్లో మిగిలినవి బిందెలకు.

వాన మొదలైంది. ఫీల్డ్ క్లియర్ అన్న కేక నాకు వినిపించింది. అయినా బిందెల దగ్గర అవ్వ ఏదో అంటుంటే, అడిగి రాసుకుందామని నటుడి వెనక నుంచి నడిచాను. ఎన్జీ.

"వన్ మోర్!" అన్నాడు దర్శకుడు.

మేనేజర్ వెళ్లి ట్యాంకర్ కొళాయికి అడ్డంగా కూర్చున్నారు. "వన్ మోర్ ల్యా సార్. ఉండేది సగమే. అది ఈళ్లది."

"ఎవడయ్యా ఫీల్డులోకి పోయింది?"

"ఫీల్డు చూసుకునేది నా పని సార్. తప్పు నాదే."

కొళాయి బిందెల వైపే తిరిగింది. సాయంత్రం ఆయన పట్ట ఆరబెట్టి, మడిచి, తాడు కట్టి అవ్వ చేతికిచ్చారు. "సినిమా అయినాంక దీన్నే తెర కట్టి, మొదట మీ ఊర్లోనే ఏస్తాం. అంతవరకూ నీ తావ పెట్టుకో."

వర్షం షాట్ లేకుండా ముగింపు లేదంటాడు దర్శకుడు. సినిమా ఇంకా హార్డ్ డిస్కులోనే ఉంది. నేను ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మేనేజర్ నెలనెలా ఫోన్ చేసేవారు. ఎడిటింగ్‌లో ఉందనేవాణ్ణి. "శెనక్కాయ పంట గూడా నాలుగు నెల్లకు చేతికొస్తాది. ఏం ఎడిటింగప్పా మీది!" అనేవారు. షాట్ చెడగొట్టింది నువ్వే కదా అని ఒక్కసారీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇది రాస్తుంటే దుఃఖం కంటే చిరాకే ఎక్కువగా ఉంది. దర్శకుడి మీద కొంత, నా మీద మిగతాదంతా.

మొన్న ఆ పల్లెకు వెళ్లి అవ్వకు ఆయన పోయిన విషయం చెప్పాను. ఆమె వాకిట్లో మట్టి మీద ఆరబోసిన వేరుశనగ కాయలను చేత్తో తిప్పుతూ కూర్చుంది. కాయల నిండా దుమ్ము.

"పట్ట ఉండాది గదవ్వా, దాని మింద పోయరాదా?" అన్నాను.

"తెర మాసిపోతాది గదప్పా."

లోపల అటక మీద తెల్ల పట్ట కనిపించింది. ఆయన వేసిన తాడు ముడి అలాగే ఉంది.