మా రత్నానికి కొత్త గుడ్డ తేకండి

నిన్న ఉదయం టైడాలో మంచు ఇంకా విడలేదు. ప్రార్థన ముగించి పొయ్యి మీద అంబలి కలుపుతున్నాను. ముందు రోజు ఉతికిన బట్టలు ఆరలేదు, తిరగేసి వేశాను. టీలో పంచదార ఎక్కువైందని మా ఆయన సణిగారు.

ఇంట్లో సిగ్నల్ ఉండదు. ఫోన్ పెరటి గోడ మీద పెడతాను. అక్కడ మోగింది.

తమ్ముడు యోహాను.

"పెద్దక్కా, రత్నం లెగట్లేదే."

నమ్మలేదు. వాడు చిన్నదానికీ కంగారు పడతాడు. మొహం మీద నీళ్ళు చల్లమన్నాను.

"సల్లినామక్కా."

గరిటె ఇంకా నా చేతిలోనే ఉంది.

మా చెల్లెలు రత్నం, అరకు దగ్గర కాఫీ తోట చేసుకుని బతికిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది. డాక్టర్ గుండె అన్నారు.

ఊళ్ళో కొందరు ఇంకేదో అంటున్నారు. ఈ పోస్ట్ అందుకే.

మా వైపు చావింటికి ఎవరూ వట్టి చేతులతో రారు. కొత్త గుడ్డ తెచ్చి కప్పుతారు. ఆ గుడ్డలన్నీ మనిషితో పాటు మట్టిలోకి వెళ్ళిపోతాయి.

అమ్మ పోయినప్పుడు రత్నం సాలూరు వెళ్ళి పట్టుచీర తెచ్చింది. మిరియాలు అమ్మిన డబ్బంతా దానికే పోసింది. అందరూ మెచ్చుకున్నారు.

మట్టి చేసి వచ్చాక, రత్నం అమ్మ రగ్గు దులుపుతూ ఆగిపోయింది. మధ్యలో చెయ్యి దూరేంత చిరుగు. ఆ చలికాలమంతా అమ్మ కప్పుకున్నది అదే.

"అక్కా, నాను ఆ సీర ఎవులికి కొన్నట్టు?"



ఆ తర్వాత రత్నం ఏ చావుకీ గుడ్డ పట్టుకెళ్ళలేదు. ఆ డబ్బుతో బతికున్న ముసలివాళ్ళకు రగ్గులు కొనేది.

కొనేటప్పుడు మాత్రం మహా అనుమానం మనిషి. సంతలో రగ్గులోంచి పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి వాసన చూసేది.

"కొంటావా, కొట్టు తగలెడతావా తల్లీ?" అన్నాడు కొట్టతను ఒకసారి.

"ఉన్నియయితే ఎంట్రుక కంపు కొట్టాల. నీది పలాస్టిక్కు బకెట్టు కంపు కొడతంది."

కానీ కొత్త గుడ్డ అంటే ఇక్కడ చావు గుర్తుకొస్తుంది. బతికున్నవాళ్ళకు తెచ్చిస్తుంటే జనం ఊరుకుంటారా? చిల్లంగి పెడుతోందన్నారు, అంటే చేతబడి. పంచాయతీ ఎలక్షన్ కోసమేమోనని యోహానుకు అనుమానం. ఈ ఖర్చు వెనక ఎవరున్నారోనని రత్నం భర్త ప్రసాదుకు అనుమానం.

పక్కింటి సోమన్న తాతకు రగ్గు ఇచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాకిట్లోకి విసిరేశాడు.

"ఏటే గుంటా, నన్ను బేగి ఎల్లిపొమ్మంటన్నావేటి?"

"ఎల్లినాక తెత్తే నీకు ఎచ్చగుంటాదేటి తాతా?"

తాత చెవులు రుద్దుకున్నాడు. "రగ్గెందుకే నాకు? పొయ్యికాడే తొంగుంటాను. సెవులకే సలి."

రత్నం ముఖం చిన్నబోయింది. ఆ రగ్గు ఇంకొకరికిచ్చి, తాతకు మంకీ క్యాప్ తెచ్చింది. అప్పటినుంచి ఏం కావాలో అడగకుండా ఎవరికీ ఏదీ కొనలేదు.

తాత క్యాప్ తీసుకున్నాడు గానీ పెట్టుకోలేదు. చిల్లంగి ఉంటే ముందు దానికే తగులుతుందని తన మేక మెడకు కట్టాడు.

తోటకెళ్తూ రత్నం రోజూ అడిగేది. "తాతా, మేక ఉందా, పోయిందా?"

"ఉంది. మేత కూడా ఎక్కువ తింటంది," అనేవాడు, అదీ ఒక అనుమానంలాగే.

చలి ముదిరాక విప్పి తలకు పెట్టుకున్నాడు.

నిన్న రత్నం ఊరు చేరుకున్నాక కుళాయి దగ్గర ఒకామె అంటుంటే విన్నాను. ఊళ్ళోవాళ్ళకు పంచిన చావు చివరికి దానికే తగిలిందట.

 లోపలికొచ్చి మోకరించాను. 

ఈ ఉదయం లేచేసరికి రత్నం ఇంటి కంచె మీద రెండు రగ్గులు వేసి ఉన్నాయి. రత్నం ఇచ్చినవే. రాత్రి ఎవరు తెచ్చి పడేశారో తెలియదు. రత్నాన్ని పోగొట్టుకోవడం ఒక ఎత్తు. అది ఇచ్చిన వెచ్చదనానికి జనం భయపడి, ఈ చలిలో వణుకుతూ పడుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను.

మధ్యాహ్నం ప్రార్థనకు సోమన్న తాత వచ్చాడు. వట్టి చేతులు. తల మీద మంకీ క్యాప్. సరిగ్గా రత్నం పక్కనే కూర్చున్నాడు.

పాస్టర్ గారు టోపీ తీయమని సైగ చేశారు.

"తియ్యను బాబూ. తీత్తే సలి. ఈ గుంట ఊరుకోదు."

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరో ఏడ్చారు.

ప్రార్థన అయ్యాక చూస్తే కంచె మీద ఒక్క రగ్గే ఉంది.

సాయంత్రం ఇంట్లోవాళ్ళం కూర్చున్నాం. గుడ్డలు వద్దంటే బదులుగా డబ్బు అడుగుతున్నామనుకుంటారేమోనని యోహాను భయపడ్డాడు. ప్రసాదు లేచి బయటికెళ్ళి, చాలాసేపు ఆ కంచె వైపు చూసి వచ్చాడు.

"దానికిట్టం లేని కర్సు ఒద్దు వదినా," అన్నాడు.

అంతే, నిర్ణయమైపోయింది.

రేపు ఉదయం రత్నాన్ని తన పాత నేత చీరలోనే మట్టి చేస్తాం. మీద ఇంకో గుడ్డ కప్పం. వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రండి, డబ్బు కూడా తేవద్దు. గుడ్డ కొందామనుకున్నవాళ్ళు మీ ఊళ్ళోనే ఒక ముసలిప్రాణం దగ్గర కూర్చుని, ఏం కావాలో అడిగి, అది కొనివ్వండి. వాళ్ళు అనుమానపడితే ఏమీ అనుకోకండి. ముందు మేకకు కట్టి చూసుకోమనండి.

కంచె మీది రగ్గు తీయడం లేదు. దాని మనిషి వచ్చేవరకూ అక్కడే ఉంటుంది.

వెళ్ళిరా రత్నం. చలి లేని చోట ప్రభువు నిన్ను నెమ్మదిగా నిద్రపుచ్చుగాక.