గుమ్మంలో బోర్డు మీద అమ్మ మాట

ఇవాళ పామర్రు సెంటర్లో బస్సు ఆగినప్పుడు నగల హోర్డింగ్ ఒకటి చూశాను. ‘మీ రాజసానికి కొత్త మెరుపు’ అని ఉంది. చిలకలపూడిలో నాన్న రోల్డ్‌గోల్డ్ గాజుల కొట్టు, గుమ్మంలో నల్లబోర్డు, సుద్దముక్క వాసన గుర్తొచ్చాయి. మీ వీధుల్లోనూ అలాంటి బోర్డులు ఉండేవి కదూ?

ఒక ఏడాది పెళ్లిళ్ల రోజుల్లో కూడా బేరాల్లేవు. సరుకు కదలకపోతే కొట్టు మూసేద్దామన్నారు నాన్న. బోర్డు మీద ‘అచ్చం బంగారంలా మెరుస్తాయి’ అని రాశారు.

“అన్ని కొట్లవాళ్లూ రాసేది అదేగా!” అంది అమ్మ.

“అయితే ఏం రాయమంటావో నువ్వే చెప్పు.”

“మొన్న మీ చెల్లెలి పెళ్లికి బంగారు గాజులు వేసుకుని గుడివాడ బస్సెక్కానా? దారంతా చేతులు కొంగులో దాచుకున్నాను. కునుకు తీస్తే ఒట్టు. అది రాయండి.”

నాన్న నవ్వేసి, పాతది చెరిపి రాశారు: ‘ఈ గాజులు వేసుకుని బస్సులో హాయిగా నిద్రపోవచ్చు.’

సాయంత్రం అవనిగడ్డ వెళ్లే ఆడవాళ్లు బోర్డు చదివి ఆగారు. “మా బాధ ఎవరు చెప్పారండీ మీకు?” అని నవ్వుతూ చేతులు చాపారు. కొట్టు నిలబడింది.

మెరుగు తగ్గినా ఇప్పటికీ నా చేతికి ఆ గాజులే. ఇవాళ హోర్డింగ్ దాటగానే నిద్రపట్టింది. బందరు వచ్చిందని కండక్టర్ లేపాల్సి వచ్చింది.