దబ్బనంతో కుట్టిన దెయ్యాల పుస్తకం

మా ఆయన ఏ ముచ్చటైనా మొదటి నుంచి చెప్పాల్సిందే. టమాటాలు తెమ్మంటే తెస్తాడు. కానీ బండి ఎక్కడ ఆపాడో, అంగట్లో ఎవరు కలిశారో, కలిసినవాడి బర్రె ఈనిందో లేదో అన్నీ చెప్పిగానీ సంచి నా చేతికివ్వడు. పెళ్ళయిన కొత్తలో ఓపికగా విన్నాను. తర్వాత "అసలు సంగతి చెప్పు" అనడం నాకు ఊతపదమైపోయింది. నేను బడిలో తెలుగు చెప్పినదాన్ని. పిల్లలతో సారాంశాలు రాయించీ రాయించీ అలసిపోయినదాన్ని. ఇంట్లో మాత్రం నాకు సారాంశం ఎన్నడూ దొరకలేదు.

అలాంటి మనిషి, మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయివచ్చిన రోజు, గడపలో చెప్పులు విడుస్తూ ఒక్క మాట అన్నాడు.

"రిపోర్టులు ఇంక రావాల్నంట."

అంతే. కాళ్ళు కడుక్కుని, రెండు రొట్టెలు తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. పైగా ఇన్నేళ్ళకు ముక్తసరిగా మాట్లాడటం నేర్చుకున్నాడని మురిసిపోయాను.

రిపోర్టులంటే తమ్ముడి కిడ్నీ నాకు సరిపోతుందా లేదా అన్నవి. నా కిడ్నీలు రెండూ పని మానేశాయి. మా ఊరు వడ్డేపల్లి నుంచి గద్వాల దవాఖానకు వారానికి మూడుసార్లు బస్సులో పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాను. తమ్ముడు తనంతట తానే వచ్చి, "నాది తీస్కో అక్కా, నాకు ఒక్కటి చాలు" అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను బతుకుతున్నాను. వద్దన్నట్టు నటించాను గానీ, లోపల ఆశ పుట్టింది. ఆశ పుట్టాక రోజులు మరీ నెమ్మదిగా నడుస్తాయి.

డయాలసిస్ మంచం మీద ఎడమ చెయ్యి కదపకూడదు. రెండు సూదులు గుచ్చి ఉంటాయి. కుడిచెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేతికి పని కావాలని దెయ్యాల నవలలు పట్టుకున్నాను. "దవాఖానల దెయ్యాలేందమ్మా" అని సిస్టర్ నవ్వేది. "పుస్తకం మూస్తే దెయ్యం పోతది సిస్టర్, మీ మిషన్ పోతదా?" అన్నాను ఒకసారి.

నేను అభిమానించే రచయిత ఒక్కడే. పేరు చెప్పను. ఆయన నవలలు ఇటుకల్లా ఉంటాయి. ఒక ఊళ్ళో పాత గానుగ ఎవరూ తిప్పకుండానే తిరగడం మొదలుపెడుతుంది, అదీ నేను చదువుతున్న కథ. కానీ ఆ గానుగ ఒక్క చుట్టు తిరగడానికి ముందు ఆయన ఊరందరి ఇళ్ళూ, వాకిళ్ళూ, ఎవరింట్లో ఏ పప్పు ఉడికిందీ రాస్తాడు. ఈ విషయంలో ఆయనా మా ఆయనా ఒక తల్లి పిల్లలే.

ఆ రచయిత అభిమానులకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. వనపర్తిలో మెడికల్ షాపు నడిపే ఒకాయన పెట్టాడు. గద్వాల, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వాళ్ళం అంతా కలిసి ఒక బస్సుకు సరిపోయేంత మందిమి. ఆ మధ్య పాత నవలలు మళ్ళీ అచ్చు వేస్తున్నవాళ్ళు గ్రూపులో ఒక ప్రశ్న పెట్టారు. ఈకాలం వాళ్ళకు ఇంత లావు పుస్తకాలు చదివే ఓపిక లేదు, గానుగ నవలను మూడో వంతు తగ్గించి వేద్దామనుకుంటున్నాం, అభిమానులుగా మీరేమంటారు అని. తేనెతుట్టెను కదిపినట్టయింది.

"మాత్ర మింగాల్నంటే సీసా గుడ మింగుతమా? కోయాల్సిందే," అని మెడికల్ షాపాయన.

నాగర్‌కర్నూల్‌లో ఒక పెద్దసారు ఉన్నాడు. పశువుల దవాఖానలో పనిచేసి రిటైరైనాడు. ఆయన రాయడు, గొంతు రికార్డు చేసి పంపుతాడు. "బర్రెకు తోకెందుకని కోస్తమా? ఈగలు వాలిననాడు తెలుస్తది దాని కత."

నేను కోసే పక్షం. మామూలుగా కాదు, ఆ పక్షానికి నేనే పెద్దను. జీడిపాకం సాగదీసినట్టు సాగదీస్తాడని, కొండను తవ్వి ఎలుకను పట్టిస్తాడని పేజీల నంబర్లతో సహా రాసేదాన్ని. నిజం చెప్పాలంటే నా కోపం రచయిత మీద కాదు. ఆ పుస్తకాన్ని ఒంటిచేత్తో పట్టుకుంటే మణికట్టు గుంజేది. పైగా నాకు అన్నీ కోసి ఇస్తున్న కాలం అది. నీళ్ళు కొలిచి తాగాలి. ఉప్పు చిటికెడు. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు. "మనిషికి నీళ్ళే కొలిచి ఇస్తున్నప్పుడు పుస్తకానికి పేజీలు కొలిస్తే తప్పేంది?" అని గ్రూపులో రాశాను. వనపర్తి ఆయన వరసగా చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

నా మణికట్టు బాధ మా ఆయన చూశాడు. ఒకరోజు పుస్తకాన్ని తీసుకుపోయి, వీపు కోసి, ముక్కలుగా విడదీసి తెచ్చాడు. విత్తనాల కోసం పండించే సీడు పత్తి సంచులు కుట్టే దబ్బనంతో, ఆ దారంతోనే కుట్టాడు. ఒక్కో ముక్కా బడిపిల్లల నోటుబుక్కంత పలచగా వచ్చింది. చెయ్యి వేసి నిమిరి చూశాను. కుట్లు వంకరటింకరగా ఉన్నా గట్టిగా ఉన్నాయి. "ఇగ సదువుకో, చెయ్యి నొయ్యదు," అన్నాడు. ఆ పూట ఆయన మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. చెప్పలేదు కూడా.

ముక్క తర్వాత ముక్క చదివాను. గానుగ యజమాని భార్య జబ్బుపడిన చోటికి వచ్చేసరికి ఆశ్చర్యపోయాను. ఈ పేజీలో ఆమె మంచాన పడింది, తర్వాతి పేజీలో చనిపోయి నెల అయింది, గానుగ తిరుగుతోంది. సాగదీత లేదు, ఏడుపులు లేవు. నాకు భలే నచ్చింది. దవాఖాన మంచం మీద నుంచే ఒక్క వేలితో గ్రూపులో పెద్ద వ్యాసం కొట్టాను. చూడండి, రచయితకు కుదించి రాయడం చేతకాక కాదు, ఆమె చావును ఎంత క్లుప్తంగా దాటించాడో చూడండి, పుస్తకమంతా ఇలా కోస్తే ఎంత బాగుంటుంది అని. ఆ దెయ్యం గానుగనే ఎందుకు తిప్పుతుందో మాత్రం సరిగ్గా చెప్పలేదని చిన్న విమర్శ కూడా తగిలించాను.

తర్వాత పెద్దసారు గొంతు వచ్చింది.

"టీచరమ్మా, మీరు ఏ పుస్తకం సదివిన్రు? మొత్తం నవలల పెద్ద అధ్యాయం అదే గదమ్మా. నేను ఒక దినమంత సదివిన. దాన్ని కోస్తే ఈ పుస్తకం మల్ల ముట్టను."

ఆ వెనకే అందరూ నవ్వుల బొమ్మలు. నా పక్షంలో ఉన్న మెడికల్ షాపాయనే రాశాడు, రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుందని. ఆ సామెత బడిలో ఎంతమంది పిల్లల మీద విసిరానో లెక్కలేదు. నా మొహం మంటెత్తిపోయింది.

ఆమె మంచాన పడిన ముక్కా, దాని తర్వాతి ముక్కా పక్కపక్కన పెట్టి పేజీల నంబర్లు చూశాను. మధ్యలో నలభైకి పైగా లేవు.

ఇంటికి పోయేదాకా నోరు విప్పలేదు. లోపలికి అడుగుపెట్టగానే విప్పాను.

"నా పేజీలేవి?"

"ఏం పేజీలు?"

"ఎరగనట్టు మాట్లాడకు. నలుగుర్ల నా పరువు పోయింది. యాడ పెట్టినవ్?"

ఆయన విత్తనాల డబ్బా మూత తీసి, గుడ్డలో చుట్టిన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. పారేయలేదు. పురుగు పట్టకుండా వేపాకు కూడా వేసి పెట్టాడు.

"కుట్టేటప్పుడు జర సదివిన," అన్నాడు. "ఆమె మంచంల ఉంటది. ఒక్కొక్కరు వచ్చి చూసి పోతుంటరు. నువ్వు ఆ మిషన్ కాడ పండుకొని గదంత సదువుతుంటే, నేను బయట బెంచీ మీద ఎట్ల కూసోవాలె?"

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది. "నేనేమన్న పసిపిల్లనా?" అని అరిచాను. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం నాకు గుచ్చుకుంది. ఈ మనిషి తగాదాలో కూడా పొలం గట్టు తగాదా నుంచి మొదలుపెట్టేవాడు.

మళ్ళీ గద్వాల పోయిన రోజు ఆ అధ్యాయం చదివాను. అందులో దెయ్యం లేదు. జబ్బుపడిన ఆమె ఉంది, వచ్చిపోయేవాళ్ళు ఉన్నారు. అందరూ ఒకటే మాట, తగ్గిపోతుందని. ఆమె మంచంలో పడుకుని గానుగ చప్పుడు వింటూ ఉంటుంది. చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఇల్లు నడుస్తోందని ఆమెకు ధైర్యం. ఒకరోజు చప్పుడు ఆగిపోతుంది. మందుల కోసం మొగుడు గానుగ ఎద్దును అమ్మేశాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు. గానుగ ఎందుకు ఆగిందని అడుగుతూనే ఉంటుంది, అందరూ మాట తప్పిస్తూనే ఉంటారు. అలా అడుగుతూనే పోతుంది.

గానుగ ఎందుకు తిరుగుతుందో నాకప్పుడు అర్థమైంది. పక్కన మిషన్ తిరుగుతోంది. పుస్తకం మూశాను. ఈసారి దెయ్యం పోలేదు.

డయాలసిస్ అయ్యాక మేము గద్వాల బస్టాండులో కూర్చుంటాం. ఆయన టీ తెచ్చి నాకు రెండు గుటకలు ఇచ్చి మిగిలింది తాగుతాడు. ఆ రోజు ఆ రెండు గుటకలూ తాగి అడిగాను.

"రిపోర్టులు వచ్చినయి గదా?"

ఆయన గ్లాసు తిరిగి ఇచ్చి వస్తానని లేవబోయాడు.

"ఒక్క మాట చెప్పి పండుకున్నవు సూడు, గానాడే నాకు తెల్వాల్సింది. చెప్పు."

"ఏం చెప్పాలె?"

"బస్సు యాడ ఎక్కిన్రో ఆడికెల్లి చెప్పు."

చెప్పాడు. తమ్ముడు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడట. దారిలో శనక్కాయలు కొన్నాడట. టోకెన్ కోసం లైన్లో నిలబడితే వెనకాయనతో గొడవయిందట, ఆయనది కల్వకుర్తి అట. మా బస్సు వచ్చింది. మేము లేవలేదు. అన్నీ సరిపోయాయని చెప్పారట డాక్టరు. ఇచ్చేవాళ్ళను ఒక్కరినే లోపల కూర్చోబెట్టి అడగడం పద్ధతట. తమ్ముడు లోపలికి పోయాడు, తలుపు వేశారు. చానాసేపటికి వచ్చినవాడు తల ఎత్తలేదు. తర్వాత ఈయన్ను పిలిచి, ఇది కుదరదు, వేరే దారి చూసుకోండి అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

"అయితే ఇయ్యనన్నడా?" అన్నాను.

"ఆగు, చెప్తున్న గదా," అన్నాడు. నేను ఆగాను.

"బయటికొచ్చి హోటల్ల కూసున్నం. నీ తమ్ముడే ఇడ్లీ చెప్పిండు ఇద్దరికి. నేను పండ్లు పటపట కొరుక్కుంటున్న, ఆని రెండు చెంపల మీద కొట్టాల్నని ఉంది. ఆడు ప్లేటు ముట్టలే. బావా, నాకు భయమైతుంది అన్నడు. అక్కకు ఇస్తనని అన్నకాడికెల్లి కన్ను మూతపడలే, పిల్లలు చిన్నగున్నరు, కోత బల్ల మీద పండుకున్నట్టే కలలొస్తున్నయి, అక్కకు మొకం ఎట్ల చూపెట్టాలె అన్నడు. ప్లేట్ల కన్నీళ్ళు పడ్డయి. ఇంకింత చట్నీ పోయమని హోటల్ పిలగానికి చెప్పిన. ఆడు తినలే. నేనూ తినలే. రెండు ప్లేట్లు అట్లనే ఇడిచిపెట్టి వచ్చినం."

రెండో బస్సు కూడా పోయింది. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, తమ్ముడు తన ఊరికని వనపర్తి బస్సెక్కేదాకా చెయ్యి వదల్లేదని, కిటికీలోంచి ఏదో అన్నాడని, బస్సు చప్పుడుకు వినబడలేదని. మా కాపురంలో మొదటిసారి నేను అసలు సంగతి చెప్పమనలేదు. అసలు సంగతి అయిపోయింది కూడా. మిగిలినదంతా మా తమ్ముడే. ఇవ్వనన్నాడు అని ఒక్క ముక్కలో విని ఉంటే, నేను బతికినన్నాళ్ళూ వాడి పేరు ఎత్తేదాన్ని కాదు. నాకు బాధ తగ్గలేదు. ఇప్పుడు ఎవరి కిడ్నీ వస్తుందో, వస్తుందో రాదో తెలియదు. కానీ ఆ తినని ఇడ్లీలు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

మూడో బస్సు ఎక్కాక గ్రూపు తెరిచాను. కోయాలా వద్దా అని అందరి ఓట్లూ లెక్కపెడుతున్నారు. "నా ఓటు వాపస్. ఒక్క పేజీ కోయొద్దు," అని రాశాను. ఎందుకని వనపర్తి ఆయన రెండుసార్లు అడిగాడు. తమ్ముడికి ఫోన్ కలిపాను. హైదరాబాద్ పోయొచ్చినప్పటి నుంచి వాడు నాకు ఫోన్ చేయలేదు. పొలం పనుల్లో ఉన్నాడనుకున్నాను.

చాలాసేపు మోగింది. ఎత్తాడు.

"తిన్నవారా?" అన్నాను.

"ఇప్పుడే కూసున్న అక్కా."

"ఏం కూర?"

పక్కన మా ఆయన కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంటున్నాడు.

"చెప్పు తమ్మీ. ఏం కూర, ఎవరు వండిన్రు, పిల్లలు తిన్నరా, అంత చెప్పు. ఇడవకుంట చెప్పు. నాకేం తొందర లేదు."