అల్మారాలో తమ్ముడి ల్యాప్‌టాప్

పత్రికలో చేరినప్పటి నుంచీ దయ్యాల కబురు ఏది వచ్చినా నేనే పక్కన పడేసేవాణ్ని. ఆదివారం సంచికలో మూఢనమ్మకాల మీద వ్యాసాలు కూడా రాశాను. ఇప్పుడు నా ఇంట్లో జరిగినదాన్ని రాయాల్సి వచ్చింది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మేముండేది మేడ్చల్‌లో. మా తమ్ముడు రమేశ్ శామీర్‌పేటలో ఉండేవాడు, జీడిమెట్లలో మెషిన్ ఆపరేటర్. ఇష్టపడి ఒక పాత గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. డ్యూటీ నుంచి రాగానే కూతురు అక్షయతో కలిసి అందులో ఒక ఇల్లు కట్టే ఆట ఆడేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి అది పది నిమిషాలకే వేడెక్కిపోయి ఆగిపోయేది. నాలుగు మూలల కింద సీసా మూతలు పెట్టాడు, కూలర్ ముందు పెట్టాడు, లాభం లేకపోయింది. బ్యాటరీ ఉబ్బితే తీసేసి, వైరు మీదే నడిపేవాడు.

చివరికి దాన్ని మా ఇంటికి తెచ్చి నాకిచ్చాడు. "అన్నా, నీ ఆఫీసు పక్కపొంటే గద దుకాన్లు. జర ఫ్యాన్ సాఫ్ జేపియ్యి. బిడ్డకు సెలవులొస్తున్నయి." వైరు ఇంట్లోనే మరిచిపోయి వచ్చాడు.

అల్మారాలో నా చొక్కాల కింద పెట్టాను. రోజూ మరిచిపోయేవాణ్ని. రెండుసార్లు ఫోన్ చేస్తే, దుకాణంలో ఇచ్చానని, పార్టు రావాలన్నారని చెప్పాను. "గా వార్తల లెక్క దీన్ని గూడ ఆపినవా ఏంది?" అని నవ్వాడు.

తర్వాతి వారం, పని నుంచి వస్తుంటే బస్సులోనే అతని గుండె ఆగిపోయింది.

మూడో రోజు చెరువు ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. గంట దాటినా కాకులు చెట్టు దిగలేదు.

"సల్లటి బీరు పెట్టమంటే వేడిది తెచ్చిండ్రు. వాడెట్ల ముడుతడు?" అన్నాడు రమేశ్ దోస్తు. ఎవరూ నవ్వలేదు.

మా మేనత్త అందరి వైపూ చూసింది. "వానికి మాటిచ్చినోళ్లు ఎవలన్న ఉన్నరా? జేస్తమని చెప్పుండ్రి. పిట్ట ముడుతది."

ఏం చెప్పాలో నాకు తెలుసు. మరదలు, అక్షయ ఎదురుగా కూర్చుని ఉన్నారు. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. పైగా, ఇలాంటివి నమ్మనని పేరున్నవాణ్ని. చెట్టు మీది కాకుల వైపు చూస్తూ కూర్చున్నాను. చివరికి విస్తరి ఆవుకు పెట్టి అందరూ లేచారు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు బయలుదేరుతూ చొక్కా తీశాను. అప్పుడే ఇస్త్రీ చేసినట్టు వెచ్చగా ఉంది. కింద ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. బ్యాటరీ లేదు, వైరు శామీర్‌పేటలో ఉంది. ఆ అల్మారా మీద ఎండ పడదు.

నా భార్యను పిలిచాను. ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. "నడుస్తున్నట్టే కాలుతాంది. తమ్మునిది ఇంక బాగు జేపియ్యలేదా నువ్వు?"

తీసి నీడలో గచ్చు మీద పెట్టాను. అది చల్లారేసరికి నా బస్సు వెళ్లిపోయింది. రెండో రోజు చల్లగా ఉండగానే మళ్లీ అల్మారాలో పెట్టి చూశాను. అదే వేళకు అదే వేడి.

ఆ మర్నాడు దుకాణానికి తీసుకెళ్లాను. ఫ్యాన్‌కు దుమ్ము మందంగా పట్టింది, లోపల వేడిని లాగే పేస్టు ఎండి పెళుసెక్కింది. కరెంటు లేకుండా ఇది వేడెక్కే వీలే లేదన్నాడు మెకానిక్. శుభ్రం చేసి, కొత్త పేస్టు పూసి ఇచ్చాడు. నలభై నిమిషాల పని.

ఆ రాత్రి మళ్లీ అల్మారాలోనే పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం చూస్తే మామూలుగానే ఉంది.

సాయంత్రం శామీర్‌పేట వెళ్లి అక్షయకిచ్చాను. వైరు పెట్టి ఆన్ చేసింది. వాళ్లిద్దరూ కట్టిన ఇల్లు తెర మీద కనిపించింది, పైకప్పు లేకుండా.

"పెద్దబాపు ఇయ్యాల తెస్తడని బాపు రోజూ చెప్పెటోడు," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ఎందుకింత లేటైంది, పెద్దబాపూ?"

అల్మారాలో ఆ వేడి ఎక్కడిదో నేను ఇప్పటికీ చెప్పలేను. అక్షయ అడిగినదానికి మాత్రం జవాబు నా దగ్గర ఉంది.

"పార్టు దొరకలేదు, బిడ్డా," అన్నాను.