మాట రాని వీడియో

సామ్ సుందర్‌ది మెదక్. తొంభైల్లో నాంపల్లి స్టేషన్ రోడ్డులో వీసీఆర్‌లు బాగుచేసేవాడు. అవి మూలపడ్డాక ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు మెట్ల కింద గది కిరాయికి తీసుకుని కంప్యూటర్ పెట్టాడు. ఆడని వీడియోలను ఆడించడం అతని పని. బొమ్మకొకటి, శబ్దానికొకటి కోడెక్ అనే చిన్న ప్రోగ్రాం కంప్యూటర్‌లో ఉండాలి. అది లేకపోతే ఫైలు బాగానే ఉన్నా తెర నల్లగా మిగులుతుంది, లేదా బొమ్మ మూగగా కదులుతుంది. ఏ ఫైలుకి ఏది కావాలో చూసి ఎక్కించేవాడు.

2006 వేసవిలో అమరేశ్వరరావు, భార్య నాగరత్నంతో కలిసి ఒక సీడీ తెచ్చాడు. వాళ్ళది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం.

"మా అమ్మ వీడియో అండీ. పోయే ముందు కెమెరా పెట్టించుకుని అందర్నీ గదిలోంచి పంపేసింది. బొమ్మ వస్తోంది, మాట రావట్లేదు. ఫైలే పాడైందనుకున్నాం."

"మమ్మల్ని దీవిస్తున్నారు," అంది నాగరత్నం. "సంవత్సరీకానికి దాని కాపీ మీద భక్తిపాట వేయించి అందరికీ చూపించాం."

ఫైలు పాడవలేదు. శబ్దం కోడెక్ లేదు, అంతే. సామ్ దాన్ని ఎక్కించి, స్పీకర్లు పెద్దగా పెట్టి, వీడియో నడిపించాడు. ముసలావిడ గొంతు గది దాటి మెట్ల దాకా వినిపించింది.

"అమరా, నీకు చెల్లెలుందిరా. మీ నాన్న మంచాన పడ్డ ఏడు పుట్టింది. నా దగ్గర పాలు లేవు. గౌలిగూడలో మన పక్కింటి నర్సు డోరాకి ఇచ్చేశాను. మీకు మాత్రం చచ్చిపోయిందని చెప్పాను. ఆవిడ దానికి తబిత అని పేరు పెట్టుకుంది. నన్ను క్షమించమని దానికి చెప్పు."

నాగరత్నం గోడ పట్టుకుంది. పక్క షాపువాళ్ళు తొంగి చూస్తున్నారు. ఆపాలని సామ్‌కి తోచలేదు.

"దీనిమీద మేం పాట వేయించాం," అన్నాడు అమరేశ్వరరావు. ఆ మాటే మళ్ళీ అన్నాడు.

సామ్ దిమ్మెరపోవడానికి ఇంకో కారణం ఉంది. అతని చర్చి క్వాయర్‌లో పాడే టీచరమ్మ పేరు తబిత. వాళ్ళమ్మ డోరా గౌలిగూడలో నర్సు. ఆమె శవపేటిక మోసినవాళ్ళలో అతనొకడు.

"సార్, గా మనిషి నాకు ఎరుకే అనుకుంటున్న."

"ఎక్కడుంది? పదండి, ఇప్పుడే వెళ్దాం!"

"లేదు సార్. ముందు ఆమెనడుగుత. ఇష్టముంటెనే."

ఆదివారం ఆరాధన అయ్యాక తబితను పక్కకు పిలిచి అంతా చెప్పాడు. ఆమె పాటల పుస్తకం గుండెకు అదుముకుని నిలబడిపోయింది.

"పెంచుకున్నరని ఎరుకే సామ్. కన్నతల్లి ఎవరో తెల్వదని చెప్పింది అమ్మ. పక్కింట్లనే ఉండెనా? రోజూ నన్ను చూసుకుంటనే ఉండెనా?" పుస్తకం దించి, "గా మాట నాకంటె ముందు నువ్విన్నవా?" అంది కోపంగా.

"విన్న. బజారంత విన్నది."

ఆ తర్వాత చాలా వారాలు ఆమె క్వాయర్‌కి రాలేదు. సామ్ స్పీకర్లు తీసేసి, ఎవరి వీడియో వాళ్ళే వినేలా హెడ్‌ఫోన్లు కొన్నాడు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తబిత షాపుకి వచ్చింది. సామ్ ఆమెకు హెడ్‌ఫోన్లు ఇచ్చి, తెర అటు తిప్పి, బయట నిలబడ్డాడు. ఎంతో సేపటికి ఆమె అతన్ని పిలిచి, "ఆయనను రమ్మను," అంది.

అమరేశ్వరరావు తడుస్తూనే వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"అన్న అని పిలవాల్నో ఏమో నాకింకా తెల్వది," అంది తబిత. "ఒక్కటి చెప్పుర్రి. నేను సచ్చిపోయిన్నని చెప్పినప్పుడు మీరు ఏడ్సిన్రా?"

"నాకు గుర్తులేదమ్మా," అన్నాడు అతను.

తబిత అతని ముఖంలోకే చూస్తూ, పక్కనున్న స్టూలు అతని వైపు జరిపింది.